తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మొన్న రాత్రి రెండున్నరకు ఒక నవల పూర్తిచేసి, లైటు ఆర్పి, తెల్లారేదాకా నిద్రపట్టక దొర్లాను. దయ్యాల ఇంటి కథ కాబట్టి భయపడ్డాననుకుంటారు. నిజానికి నాకు వచ్చింది కోపం. 350 పేజీలు ఊపిరి బిగబట్టి చదివించిన పుస్తకం చివరి 15 పేజీల్లో చేతులెత్తేసింది.

పేరు చెప్పను. చెబితే ఇంకా చదవనివాళ్లకు ముగింపు చెప్పేసినట్టే. ఈ తరహా నవలలు ఇష్టపడేవాళ్లకు కథ కొత్తగా ఏమీ ఉండదు. నాయనమ్మ పోయాక పాత ఇల్లు మనవరాలికి వస్తుంది. పై అంతస్తులో ఒక గదికి తాళం. రాత్రిళ్లు అందులోంచి ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. నాయనమ్మకు ఒక చెల్లెలు ఉండేదన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా ఎప్పుడూ రాలేదు. చివర్లో బీరువా వెనక ఒక పొడుగాటి ఉత్తరం దొరుకుతుంది. చెల్లెలు ఎవరు, ఆమెకు ఏమైంది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నీ నాయనమ్మ తేదీలతో సహా అందులో రాసిపెట్టింది. మనవరాలు ఏడుస్తుంది, కిటికీ తెరుస్తుంది, గదిలోకి ఎండ వస్తుంది, ఆ రాత్రి నుంచి చప్పుడు వినిపించదు.

ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న ముసలాయన ఒకాయన ఉన్నాడు. దీపాలు చూసుకుంటాడు, తలుపులు వేస్తాడు, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతాడు. పై గది తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మనవరాలు మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టినప్పుడు మంచం, కుర్చీ, గోడకు ఒక నిలువుటద్దం కనిపిస్తాయి. అద్దం మీద దుమ్ము లేదు అంటాడు రచయిత.

ఆ వాక్యం దగ్గర నేను లేచి కూర్చున్నాను. అద్దం ఎవరు తుడిచారు? దయ్యాలు అద్దాలు తుడవవు. ఎవరో వారానికోసారో పదిరోజులకోసారో మెట్లెక్కి, తాళం తీసి, గుడ్డతో ఆ అద్దం తుడిచి, మళ్లీ తాళం వేసి దిగి వచ్చారు. ఏళ్ల తరబడి. ఆ మనిషి మనసులో ఏముందో తెలుసుకోవాలని 200 పేజీలు ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. ఉత్తరం దొరికాక ఆ ముసలాయన కథలోంచే మాయమైపోయాడు.

దాచడం కూడా పనే

కుటుంబ రహస్యం చుట్టూ అల్లిన గాథిక్ నవలలో, అంటే ఇలా పాత ఇల్లూ భయమూ కలిసిన కథలో, రహస్యం ఏమిటన్నది నాకు రెండో ప్రశ్న. దాన్ని రోజూ కాపాడుతున్నది ఎవరన్నది మొదటిది. ఒక గదికి తాళం వేస్తే పని అయిపోదు. తాళం తుప్పుపట్టకుండా చూడాలి. కొత్తగా వచ్చినవాళ్లు అటు పోకుండా చూడాలి. పిల్లలు అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగా ఉండాలి, ఆ అబద్ధం నిన్నటిదానికి సరిపోవాలి. ఇదంతా చేసేది సాధారణంగా తప్పు చేసినవాడు కాదు. వాడు ఎక్కడో తిరుగుతూ ఉంటాడు. చేసేది ఇంట్లో ఉండిపోయిన మనిషి.

'జేన్ ఐర్' ను ఈసారి ఆ మనిషి కోసమే మళ్లీ తిరగేశాను. 1847 నాటి పుస్తకం, కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాచేదేమీ లేదు. జేన్ ఒక పెద్ద ఇంట్లో చదువు చెప్పే టీచరమ్మ, రాచెస్టర్ ఆ ఇంటి యజమాని. రాత్రి రాచెస్టర్ మంచానికి నిప్పంటుకున్న మర్నాడు జేన్ ఆ గదిలోకి తొంగిచూస్తే, మంచం పక్కన పనిమనిషి గ్రేస్ పూల్ కూర్చుని కొత్త తెరలకు రింగులు కుడుతూ ఉంటుంది. రాత్రి ఆ నిప్పు పెట్టింది ఈవిడేనని జేన్ నమ్ముతోంది. ఈవిడేమో మామూలుగా సూదిలో దారం ఎక్కించుకుంటోంది. నిప్పు పెట్టింది ఆమె కాదు. రాచెస్టర్ పైగదిలో దాచిపెట్టి, ఆమెను కాపలా ఉంచిన తన భార్య పెట్టింది. ఇంత జరిగాక ఇంట్లో తెరలు కాలిన ఆనవాలు లేకుండా చేసే పని మాత్రం గ్రేస్ మీద పడింది. రహస్యాన్ని కాపాడటం అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించిన సన్నివేశం నాకు తెలీదు.

తర్వాతి అధ్యాయంలో ఇంకొక చిన్న సంగతి ఉంది. పనిమనిషి లియా, బయటినుంచి పనికి వచ్చిన ఇంకొకామె గ్రేస్ జీతం గురించి మాట్లాడుకుంటారు. తన జీతం అందులో ఐదోవంతు కూడా ఉండదంటుంది లియా. అంతలో జేన్ అక్కడ ఉందని చూసి పక్కామెను మోచేత్తో పొడుస్తుంది. "ఆమెకి తెలీదా?" అని ఆ పక్కామె గుసగుసలాడుతుంది. లియా తల అడ్డంగా ఊపుతుంది. మాట ఆగిపోతుంది. ఇక్కడ నాకు పైగదిలోంచి వినిపించే రాచెస్టర్ భార్య వికృతమైన నవ్వు కన్నా ఎక్కువ ఒళ్లు జలదరించింది. ఇంట్లో గిన్నెలు తోమేవాళ్లకు తెలుసు, బయటినుంచి వచ్చి పోయేవాళ్లకు తెలుసు, ఆ ఇంట్లోనే ఉంటూ ఆ ఇంటి యజమానిని పెళ్లాడబోయే పిల్లకు తప్ప. రహస్యం పైగదిలో లేదు, ఆ మోచేతి పోటులో ఉంది.

'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' లో హెన్రీ జేమ్స్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. పల్లెటూరి ఇంట్లో ఉంచిన ఇద్దరు పిల్లలకు ఒక టీచరమ్మను పెడుతూ, వాళ్ల పెదనాన్నో చిన్నాన్నో అయిన లండన్ పెద్దమనిషి పెట్టిన షరతు ఒక్కటే: ఏం జరిగినా తనను కదిలించకూడదు. ఆయన జీతం ఇస్తున్నది పిల్లలకు చదువు చెప్పడానికి ఎంతో, తనకు ఏమీ తెలియకుండా ఉండటానికి అంతే. మరి తెలిసిందెవరికి? ఆ ఇంటి పనులు చూసే మిసెస్ గ్రోస్‌కు. పిల్లవాణ్ణి బడినుంచి పంపేసిన ఉత్తరం ఆమె చేతికిస్తే తీసుకోదు, ఆమెకు చదవడం రాదు. ఆ ఇంట్లో జరిగినదంతా ఎరిగిన ఒక్క మనిషికి అక్షరం రాదు. ఆమె ఏదైనా చెబితే సగం సగం మాటల్లో చెబుతుంది, మిగతా సగం టీచరమ్మ ఊహించుకుంటుంది. ఆ సగం ఊహల మీదనే కథ మొత్తం నడుస్తుంది. అక్కడ ఒక పొడుగాటి ఉత్తరం దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ముసుగు, కాగితాలు

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు, ఎందుకంటే అది నేనే వేసుకున్నాను. మిస్టరీ అని చెప్పి మొదలుపెట్టాక ముడి విప్పాలి కదా. పాఠకుడు తన రాత్రులు అప్పగించాడు. చివర్లో జవాబు చేతిలో పెట్టకుండా 'అదంతా మీ ఊహకే వదిలేస్తున్నా' అంటే అది మోసం. ఒప్పుకుంటాను. కావాలని మసకగా వదిలేసిన ముగింపులు చదివి నేనూ విసిగిపోయాను. కాబట్టి జవాబు చెప్పడాన్ని నేను తప్పుపట్టడం లేదు.

ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో నాలుగు సంపుటాలుగా తెచ్చిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' ఈ విషయంలో మంచి పరీక్ష. ఒకే నవలలో రెండు రహస్యాలున్నాయి, రెండింటికీ జవాబులున్నాయి. మొదటిది నల్లముసుగు. కోటలో ఒక గదిలో ముసుగు వేసిన చట్రం ఉంటుంది. కథానాయిక ఎమిలీ ముసుగు ఎత్తి చూసి స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో మనకు చెప్పరు. రెండో సంపుటంలో ఎత్తిన ముసుగుకు నాలుగో సంపుటం చివర్లో వివరణ వస్తుంది. అక్కడున్నది కుళ్లిన శవంలా తయారుచేసిన మైనపు బొమ్మ. అంతే. చదివినవాళ్లలో 'ఇందుకా ఇంతసేపు' అనుకోనివాళ్లు తక్కువ.

రెండోది కాగితాలు. ఎమిలీ తండ్రి చావుబతుకుల్లో ఉండి కూతురితో ఒక మాట తీసుకుంటాడు. ఇంట్లో ఒకచోట నేల పలక కింద కొన్ని కాగితాలున్నాయి, చదవకుండా కాల్చెయ్యాలి. ఆయన పోయాక ఆ పిల్ల ఒక్కతే ఆ ఇంటికి వచ్చి, వణుకుతున్న చేతులతో కాగితాలు బయటికి తీస్తుంది. చదవకూడదనే అనుకుంటుంది. కానీ కళ్లు ఒక వాక్యం మీద పడతాయి. అయినా తండ్రికిచ్చిన మాట కోసం అన్నీ నిప్పుల్లో వేస్తుంది. ఆ వాక్యం ఏమిటో రాడ్‌క్లిఫ్ మనకు చూపించదు. మిగిలిన కథంతా ఆ పిల్ల తన పుట్టుక మీదే అనుమానంతో బతుకుతుంది. చివరికి తెలిసేదేమిటంటే, భర్త చేతిలో విషానికి బలైన తన చెల్లెలి సంగతి తండ్రి కూతురికి చెప్పలేకపోయాడు.

రెండింటికీ జవాబు దొరికింది. మొదటి జవాబు వినగానే చప్పబడిపోతాం, రెండోది మనసులో ఉండిపోతుంది. తేడా ఎక్కడుంది? మైనపు బొమ్మ కోసం మనకు తెలిసినవాళ్లెవరూ ఏమీ పోగొట్టుకోలేదు. కాగితాల కోసం ఒక తండ్రి జీవితాంతం నోరు మెదపలేదు, ఒక కూతురు తన చేతులతోనే సాక్ష్యం తగలబెట్టింది. గుట్టు కాపాడినందుకు ఒకరు ఏదో ఒకటి చెల్లించుకున్నారు. ఆ చెల్లింపు చూపించాక జవాబు ఎంత చిన్నదైనా సరిపోతుంది. నేను చదివిన కొత్త నవలలో జవాబు పెద్దదే, ఒక హత్య. కానీ నాయనమ్మ దాన్ని ఎలా మోసిందో ఒక్క పేజీ లేదు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. షర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' లో ఇలా గుట్టు కాపాడే మనిషి లేదు. ఉన్న పనిమనిషి మిసెస్ డడ్లీ వేళకు భోజనం పెట్టి, చీకటి పడకముందే వెళ్లిపోతానని మొహం మీదే చెబుతుంది. అయినా ఇళ్ల గురించి అంతకన్నా భయపెట్టిన పుస్తకం నేను చదవలేదు. అక్కడికి వచ్చేది నలుగురు బయటివాళ్లు, అది ఒక కుటుంబపు గుట్టు కథ కాదు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నా కొలబద్దకు లొంగని గొప్ప పుస్తకం ఒకటుందని ఒప్పుకోవడమే సరైనది.

నింద ఎవరి మీద పడుతుంది

ఇలా కాపలా మనిషి మీద దృష్టి పెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. ఇంటి పెద్దలు చేసిన పాపం తాళాలు మోసిన మనిషి నెత్తిన పడుతుంది. గ్రేస్ విషయంలో జేన్ చేసిన పొరపాటు అదే.

1938లో వచ్చిన డాఫ్నే డు మోరియే 'రెబెకా' లో ఇంటి పనులు చూసే మిసెస్ డాన్వర్స్ చచ్చిపోయిన యజమానురాలు రెబెకా గదిని తానే రోజూ దులిపి, పూలు పెట్టి, రాత్రి వేసుకునే గౌను మంచం మీద సిద్ధంగా ఉంచుతుంది. ఆమె పేరు చెబితేనే చదివినవాళ్లకు వణుకు. నవలలో రెబెకాను తుపాకీతో కాల్చింది భర్త మాక్సిమ్. 1940లో హిచ్‌కాక్ సినిమాగా తీసినప్పుడు, అప్పటి హాలీవుడ్ నియమావళి ప్రకారం హంతకుడికి శిక్ష పడకుండా కథ ముగించడం కుదరదు కాబట్టి దాన్ని మార్చారు. సినిమాలో రెబెకా పడి, తలకు దెబ్బ తగిలి చనిపోతుంది, మాక్సిమ్ శవాన్ని దాచాడంతే. నవలలో ఇల్లు తగలబడే ముందే డాన్వర్స్ సామాను సర్దుకుని వెళ్లిపోయిందని వింటాం. నిప్పు పెట్టిందెవరో కళ్లతో చూడం. సినిమాలో ఆమే పెడుతుంది, మంటల్లోనే కూలిపోతుంది. చంపిన భర్త నిర్దోషి అయ్యాడు, గది తుడిచిన మనిషి కాలిపోయింది. సినిమాగా నాకు చాలా ఇష్టమే. ఈ మార్పు మాత్రం తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పైగా డాన్వర్స్‌కు అసలు సంగతి తెలీనే తెలీదు. రెబెకాకు కాన్సర్ ముదిరిందన్న నిజం చివర్లో బయటపడినప్పుడు అందరికన్నా ముందు నుంచి ఆమెను ఎరిగిన డాన్వర్సే నివ్వెరపోతుంది. తనకు చెప్పని విషయం అంటూ ఉండదనుకుంది. అంతగా కాపాడిన గదిలో అసలు రహస్యం లేదు. ఇది చదివినప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

రెండు పేజీలు

మా పెద్దమ్మ దగ్గర ఒక పాత ఫొటో ఆల్బం ఉండేది. నల్లటి మందపాటి పేజీలు, ఒక్కో పేజీకీ మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం. అడిగితే చూపించేది, కానీ మా చేతికిచ్చేది కాదు. తన ఒళ్లోనే పెట్టుకుని తనే పేజీలు తిప్పేది. సగం దాటాక ఒకచోట బొటనవేలితో అంచు తడిమి, రెండు పేజీలు కలిపి తిప్పేసేది. మాట ఆపేది కాదు, తడబడేది కాదు. అక్కడ పేజీలు అంటుకుపోయాయని మేం పిల్లలమంతా అనుకునేవాళ్లం. ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచనంత మామూలుగా తిప్పేది.

ఆమె పోయాక ఆ ఆల్బం నా దగ్గరికి వచ్చింది. ఆ చోటు వెతికాను. పేజీలు అంటుకోలేదు. వాటి మధ్య ఒకే ఫొటో ఉంది. కుర్చీలో కూర్చుని ఎవరినో చూసి పెద్దగా నవ్వుతున్న ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. మిగతా ఆల్బంలో అందరూ బిగుసుకుని నిలబడ్డవాళ్లే. ఇతనొక్కడే నవ్వుతున్నాడు. వెనకవైపు పేరు లేదు.

ఫొటో తీసి అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. ఎవరో తెలీదంది.

"మరి పెద్దమ్మకి తెలుసు కదా?"

"అక్కకీ తెలీదనుకుంటా. మా అమ్మ అక్కడ అలాగే తిప్పేది. అక్క చూసి నేర్చుకుంది."

నేను చదివిన ఏ దయ్యం కథా ఇవ్వని వణుకు ఆ మాట ఇచ్చింది. అమ్మమ్మతోనే ఆ కుర్రాడెవరన్న సంగతి పోయింది. ఎందుకు దాచారన్నదీ పోయింది. దాచే పని మాత్రం ఉండిపోయింది. మా పెద్దమ్మ ఏళ్లకేళ్లు ఏం దాస్తున్నానో తెలియకుండానే బొటనవేలితో అంచు తడుముకుంటూ తిప్పింది. ఆమెను దోషి అనగలమా? ఆమె దగ్గర దాచడానికి ఏమీ లేదు. అడగకుండా ఉండటం ఒక్కటే ఆమె చేసింది. నేను మాత్రం ఏం చేశాను, చిన్నప్పుడు అంతసార్లు చూసి?

అందుకే నవలల్లో దొరికే ఆ సమగ్రమైన ఉత్తరాన్ని నేను నమ్మలేను. ఇళ్లల్లో గుట్లు ఒక చోట, ఒకరి చేతిరాతలో, తేదీలతో సహా ఉండవు. ఒకరికి పేరు తెలుసు, ఇంకొకరికి గది తెలుసు, మూడోవారికి ఆ సంగతి ఎత్తకూడదని మాత్రమే తెలుసు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర ఉన్నా వాటిని కలిపి చూడరు. నవలా రచయిత చేయాల్సిన పని ఆ ముక్కలను కలపడం. ఉత్తరం పెట్టేస్తే ఆ పని తప్పించుకున్నట్టే.

ఊరంతా తెలిసిన గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనకొక సామెత. లోపలి మాట బయటికి పొక్కితే ఇల్లు నాశనం అని దాని భావం. గాథిక్ నవలల్లో ఇది తిరగబడుతుంది. జేన్ పనిచేసిన థార్న్‌ఫీల్డ్ కాలిపోయింది, రెబెకా ఇల్లు మాండర్లీ కాలిపోయింది. రెండూ మాట పొక్కినందుకు కాక, లోపలే కుక్కిపెట్టినందుకు కాలాయి.

కానీ అసలు దాచడానికి వీల్లేని గుట్టు అయితే? టోనీ మారిసన్ 1987లో రాసిన 'బిలవ్డ్' లో 124 నంబరు ఇల్లు ఒక పసిపాప కసితో నిండి ఉంటుంది. బానిసత్వం నుంచి తప్పించుకున్న సెథె, తనను పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ల చేతికి చిక్కకూడదని కన్నకూతుర్నే చంపుకుంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే స్త్రీ జీవితంలో జరిగినదే దీనికి మూలం. ఇది రహస్యం కాదు, పత్రికలో పడింది, చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు, ఎవరూ ఆ ఇంటి గుమ్మం తొక్కరు. తెలియనిది సెథె పాత స్నేహితుడు పాల్ డి ఒక్కడికే. అతనికి పత్రిక కత్తిరింపు చూపిస్తే చదవడం రాదు. అందులోని బొమ్మ చూసి, ఆ నోరు ఆమెది కాదు అని పదేపదే అంటాడు. చదివిన ప్రతిసారీ అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరుకుంటాను.

ఇక్కడ తాళం ఒక్కరి దగ్గర లేదు, చుట్టూ ఉన్నవాళ్లందరి దగ్గరా ఉంది. సెథెను పట్టుకుపోయేవాళ్లు వస్తున్నారని ముందే పరిగెత్తుకొచ్చి చెప్పగలిగీ ఎవరూ చెప్పలేదు, ముందురోజు ఆ ఇంట్లో జరిగిన విందు చూసి కళ్లు కుట్టినందుకు. దయ్యమై వచ్చిన ఆ కూతుర్ని వెళ్లగొట్టడానికి చివర్లో 30 మంది ఆడవాళ్లు ఆ ఇంటి ముందుకు నడిచి వస్తారు. ఏ ఉత్తరమూ దొరకదు, ఎవరూ వివరంగా ఒప్పుకోరు. ఇన్నేళ్లు ముఖం తిప్పుకున్నవాళ్లు ఆ రోజు వచ్చి అక్కడ నిలబడతారు. నాకు కావాల్సిన ముగింపు ఇలాంటిది. దాచినవాళ్లు తమ కాళ్లతో నడిచి రావాలి.

ఆ కొత్త నవలను నిన్న మళ్లీ తీశాను. ముసలాయన వచ్చే చోట్లన్నీ పెన్సిలుతో గీసుకుంటూ పోయాను. ఏడు చోట్ల వస్తాడు. ఒకచోట మనవరాలు మెట్లెక్కుతుంటే వెనకనుంచి పిలిచి, వాన వచ్చేలా ఉంది అంటాడు. మొదటిసారి చదివినప్పుడు వాన గురించే అనుకున్నాను. ఇంకోచోట ఆమె తాళంచెవి అడిగితే రెండు జేబులూ వెతికి మూడోసారి వెతికిన జేబులోంచే తీసి ఇస్తాడు. రచయితకు ఆ మనిషి కళ్లకు కట్టాడు, సందేహం లేదు. అంత బాగా చూసి కూడా ఎందుకు వదిలేశాడో నాకు అర్థం కావడం లేదు. ఉత్తరం దొరికిన రాత్రి ఆ ముసలాయన కింద వంటగదిలో మేలుకునే ఉండి ఉంటాడు. పైన బీరువా జరిపిన చప్పుడు అతనికి వినిపించే ఉంటుంది. మనవరాలు కిందికి దిగివచ్చి, ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, అద్దం ఎందుకు తుడిచేవాడివి తాతా అని ఒక్కసారి అడిగి ఉంటే.